బరువున్నవాళ్ళదే దారి

నాకు కోపం వస్తేనే మంచి వాక్యం పడుతుందని మా ఇంట్లో ఎగతాళి చేస్తుంటారు. ఆ లెక్కన ఈ అధ్యాయం బాగానే రావాలి. పోయిన వానాకాలం చివర్లో, వలిసె చేలు ఇంకా పూతకు రాకముందు, విశాఖపట్నం నుంచి కార్తీక్ అనే యువకుడు అరకులో మా ఇంటికి వచ్చాడు. మర్యాదస్తుడు. చెప్పులు గుమ్మం బయటే విడిచి, నేనిచ్చిన కాఫీ చివరి చుక్క దాకా తాగి, పొడి ఎక్కడిదని కూడా అడిగాడు. వాళ్ళ కంపెనీ మా కొండల్లో ఒక పాత రైలు దారిని లీజుకు తీసుకుని, పట్నం వాళ్ళు నడవడానికి బాట తయారు చేస్తోందట. రెండు రోజుల నడక, మధ్యలో గుడారాల్లో బస. బాట మొదట్లో పెట్టే బోర్డుకు నాలుగు మాటలు కావాలి. ఆ దారి పక్కనే పుట్టి, పంతులమ్మగా రిటైరై, నాలుగు కథలు రాసుకున్నదాన్ని కనక ఆ మాటలు నేనే రాస్తే బాగుంటుందన్నాడు. ఫోనులో ఫొటో చూపించాడు. మంచులో ఒక సన్నటి ఇనప వంతెన, దాని మీద ఒక్క మనిషి లేడు. కింద పెద్ద అక్షరాల్లో ‘వదిలేసిన రైలు దారి’ అని పేరు.

“వదిలేసింది ఎవరు?” అన్నాను.

“క్వారీ మూసేశాక పట్టాలు తీసేశారు కదా మేడమ్. అప్పటి నుంచీ ఖాళీగానే ఉంది.”

“వాళ్ళు వదిలేశారు బాబూ. మేం పట్టుకున్నాం.”

అది బోర్డు మీదికి పనికొచ్చే మాట అనుకుని అతను నవ్వుతూ ఫోనులో రాసుకున్నాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఆ లీజు ఎవరిచ్చారో నేనడగలేదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు ఎవరో ఒకరు ఇచ్చే ఉంటారు. రాసిస్తానని మాత్రం చెప్పి పంపించాను, ఎందుకంటే ఆ వంకనైనా ఆ దారిలో మళ్ళీ ఒకసారి నడవాలనిపించింది.

దాన్ని మేం రాళ్ళ లైను అనేవాళ్ళం. కొండల్లోంచి పెద్ద రైలు వేసేటప్పుడు పట్టాల కింద పరవడానికి కంకర కావలసి వచ్చిందట. మా పై ఊళ్ళ దగ్గర నల్లరాయి బాగా దొరుకుతుందని అక్కడ క్వారీ పెట్టి, అక్కడి నుంచి కింద పెద్ద లైను దాకా చిన్న పట్టాలు వేశారు. కొండను తొలిచి వేసిన కటింగులు, గెడ్డ అనే కొండవాగు మీద ఆ వంతెన, మలుపు మలుపుకూ రాతి గోడలు. మా అయ్య ఆ లైను మీద గ్యాంగు పని చేసేవాడు. మా కొండ మనుషుల్లో నెల జీతం తెచ్చిన మొదటివాళ్ళలో ఆయనొకడు. లైను పక్కన మూడు గదుల గ్యాంగు క్వార్టర్లలో ఒక గది మాది. అయ్య, అమ్మ, నాయనమ్మ, నేను, మా అప్ప, అంటే అక్క, సోంబారి. సోమవారం పుట్టింది కనక అది సోంబారి, గురువారం పుట్టాను కనక నేను గురుబారి. మా ఇళ్ళలో పేర్ల కోసం ఎవరూ పెద్దగా బుర్ర బద్దలు కొట్టుకోరు.

ఆ గది వాసన ఇప్పటికీ నా ముక్కులోనే ఉంది. అయ్య ఖాకీ చొక్కాలోంచి వచ్చే ఇనప తుప్పు, చెమట. పొయ్యి మీద ఉడికే చోడి అంబలి. ఎండెక్కితే గుమ్మంలోంచి తారు. మా గుమ్మం చెక్క పాత స్లీపరే మరి. లైను మీద పుచ్చిపోయిన స్లీపర్లు తీసి పారేస్తే మా కొండ మీద ప్రతి ఇంటికీ ఒక గడప వచ్చింది, పెళ్ళిపీటలకీ అవే వచ్చాయి. తెల్లవారకముందే అయ్య సుత్తి భుజాన వేసుకుని బయల్దేరేవాడు. పట్టాలు బిగించే ఇనప కీలు ఒక్కొక్కటీ కొట్టి చూసుకుంటూ పోయేవాడు. ఆ చప్పుడు దూరమవుతూ ఉంటే అమ్మ చోళ్ళు విసరడం మొదలుపెట్టేది. చప్పుడు మళ్ళీ దగ్గరయ్యే వేళకి అంబలి చల్లారి ఉండాలి. మా ఇంట్లో గడియారం అదే. నాయనమ్మ మాత్రం ఎవరి గడియారానికీ లొంగేది కాదు. పొగాకు చుట్ట నిప్పు నోట్లోకి ఉండేలా అడ్డపొగ పెట్టుకుని గుమ్మంలో కూర్చుని, వచ్చే పోయే రాళ్ళ బండి డ్రైవర్ని పేరు పెట్టి తిట్టేది. వాడు ఈల వేస్తే ఆమె కోళ్ళు బెదురుతున్నాయని ఆమె ఫిర్యాదు.

మా కొండల్లో ఒక పద్ధతి ఉంది. ఇరుకు దారిలో ఇద్దరు ఎదురైతే తల మీద బరువున్నవాళ్ళదే దారి. తల ఖాళీగా ఉన్నవాళ్ళు పక్కకి దిగాలి, దిగడానికి చోటు లేకపోతే వెనక్కి నడవాలి. ఊరి పెద్దయినా అంతే, కొత్త అల్లుడైనా అంతే. ఇది నాయనమ్మకి దేవుడి మాట కన్నా ఎక్కువ. ఒక సంత రోజు ఆమె సామల బుట్ట నెత్తిన పెట్టుకుని ముందు నడుస్తోంది. అంబలి నింపిన ఆనప బుర్ర పట్టుకుని అప్ప, ఆమె కొంగు పట్టుకుని నేను. కటింగులో ఉన్నాం, అటూ ఇటూ నిలువెత్తు బండ. ఎదురుగా ఎర్రజెండా కట్టిన తోపుడు ట్రాలీ వస్తోంది. గొడుగు కింద ఇంజినీరు దొర కూర్చున్నాడు, వెనక ఇద్దరు మా మనుషులే తోస్తున్నారు. వాళ్ళ వెనక పరిగెత్తుతూ మా అయ్య.

“అమ్మా, ఎనక్కెల్లిపో! దొర బండి!” అని అయ్య అరిచాడు.

నాయనమ్మ ఆగింది. వెనక్కి మాత్రం వెళ్ళలేదు. “బరువు నా నెత్తి మీదున్నాది. ఆ బాబు నెత్తి మీదేటున్నాది? టోపీ!” అంది.

మొండివాడు రాజు కంటే బలవంతుడంటారు. మొండిదాని సంగతి వేరే చెప్పాలా? ట్రాలీ తోసేవాళ్ళిద్దరూ తలపాగా గుడ్డలో నోరు దాచుకున్నారు. దొర కసిరాడు, గడియారం చూసుకున్నాడు, గొడుగు ముడిచాడు. ఆయనకి పని ఉంది. నాయనమ్మకి సంత తప్ప ఇంకో తొందర లేదు. అలా నిలబడితే ఎవరు నెగ్గుతారో తెలిసిందే కదా. చివరికి ఆయన కిందికి దిగి బండకి వీపు ఆనించి నిలబడ్డాడు. వాళ్ళిద్దరూ ట్రాలీని పట్టాల మీంచి ఎత్తి, బండకి చేరేసి నిలబెట్టి పట్టుకున్నారు. రైలొస్తే తప్ప ఎత్తని ట్రాలీ అది. నాయనమ్మ బుట్ట కదలకుండా ఆయన పక్క నుంచి నడిచిపోతూ, “సల్లగా ఉండు బాబూ” అని దీవించింది కూడా. ఆ సాయంత్రం అయ్య అన్నం ముట్టలేదు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాడు. పోలేదు. ఆ తర్వాత నుంచి దొర మా వైపు బయల్దేరే ముందు ఇవాళ సంతా అని అడిగేవాడట, అంతే.

క్వారీలో రాయి అయిపోయింది. పట్టాలు విప్పి లారీల్లో తీసుకుపోయారు. వంతెన విప్పితే గిట్టుబాటు కాదనుకున్నారేమో, అలాగే ఉంచారు. అయ్యకి కిందెక్కడో పెద్ద లైను మీద పని ఇస్తామంటే ఆయన వెళ్ళలేదు, పోడు చేసుకుంటానని పై ఊరికి వచ్చేశాడు. మా కొండ మీది ఊళ్ళన్నిటికీ అప్పుడే నిజంగా ఆ దారి దారయింది. గెడ్డలో దిగక్కర్లేదు, వానల్లో కొట్టుకుపోయే భయం లేదు. దారికి వాలు కూడా చల్లగా ఉంటుంది, ఎందుకంటే రైలు ఎక్కగలిగిన దారి గర్భిణి కూడా ఎక్కగలదు. వంతెన మీద మద్ది చెక్కలు పరిచింది మా అయ్య తరంవాళ్ళు. వానలు వెనకబట్టాక ఒక్కో ఊరు తన వంతు మేర తుప్పలు కొట్టేది. ఈ రాతి గోడ నుంచి ఆ మలుపు దాకా మాది, అక్కడి నుంచి వంతెన దాకా పక్క ఊరిది. కొట్టే రోజు మేకని కోసేవాళ్ళు, జీలుగు కల్లు ఉండేది, కొడవళ్ళ చప్పుడు మధ్య ఆడవాళ్ళ పాటలుండేవి. ఏ ఊరి వంతులో ముల్లు గుచ్చుకున్నా ఆ ఊరి పేరు సంతలో చెడ్డయ్యేది. అలా కొట్టబట్టే కార్తీక్ ఫోనులో ఆ దారి అంత అందంగా కనపడింది. వదిలేసిన దారి అయితే ఈపాటికి అడవి మింగేసేది.

బోర్డు వంకన నేను మా అప్ప దగ్గరికి వెళ్ళాను. అప్ప ఇంకా పై ఊళ్ళోనే ఉంటుంది. నాకంటే పెద్దది, నాకంటే నిటారుగా నడుస్తుంది. అల్లం, పసుపు, చిక్కుడు గింజలు, ఏది వస్తే అది ఇప్పటికీ నెత్తినే పెట్టుకుని సంతకి తీసుకుపోతుంది. పొద్దున్నే చద్దంబలి తాగి బయల్దేరాం. మొదటి మలుపు తిరిగేసరికే నా మోకాళ్ళు మొరాయించాయి.

“నీకే కాదే, నీ కాల్లకి కూడా పింసను వొచ్చీసింది” అంది అప్ప వెనక్కి చూడకుండా. అల్లం బస్తా కింద ఆమె మెడ కదలదు, నోరు మాత్రం బాగా కదులుతుంది.

వంతెన దగ్గర ఇంకో కథ. కంపెనీ వాళ్ళు మా మద్ది చెక్కలు తీసేసి నున్నటి పలకలు వేశారు, అటూ ఇటూ ఇనప తాళ్ళు కట్టారు. వెడల్పు మాత్రం పాతదే. ఇద్దరు పక్కపక్కన పట్టరు. మేం సగం దాటాం. అవతలి నుంచి నడక వాళ్ళ గుంపొకటి వస్తోంది, రంగురంగుల టోపీలు, చేతికర్రలు, వీపు సంచులు. వాళ్ళ ముందు కంపెనీ కాపలాదారు ఈల ఊదుతున్నాడు. తర్వాత తెలిసింది, పేరు సన్యాసిరావు, ఎస్.కోట దగ్గర మనిషి.

“ఎనక్కెల్లండమ్మా! నడక రోజుల్లో బరువుల్తోటి వంతెన మీదకి రాకూడదు. రూలు!”

“మరెటెల్లాల?” అంది అప్ప.

“రోడ్డునెల్లండి.”

ఘాటు రోడ్డున వెళ్తే సంత ముగిసే వేళకి చేరతాం. అప్ప ఆ సంగతి అతనికి చెప్పలేదు. ఉన్నచోటే నిలబడింది. నేను ఆమె భుజం పక్క నుంచి తల చాపి, బళ్ళో పిల్లలకు చెప్పే గొంతుతోనే మా పద్ధతి చెప్పాను. తల ఖాళీగా ఉన్నవాళ్ళు వెనక్కి వెళ్ళాలి, ఇది ఈ దారికి రూలు, మీ రూలు కంటే పాతది అన్నాను. గుంపులో ఒకావిడ ఒంటికాలి మీద లేచింది.

“బరువు మాకు లేదా? ఈ సంచి చూడండి! పైగా డబ్బు కట్టి వచ్చాం.”

నిజం చెప్పొద్దూ, నేనొక్క క్షణం తడబడ్డాను. మా పద్ధతిలో వీపు సంచి మాట ఎక్కడా లేదు. అప్ప మాత్రం తడబడలేదు.

“నీది ఈపు మీదున్నాది తల్లీ. కూకుంటే దిగిపోద్ది, లెగిస్తే ఎక్కిపోద్ది. నాది దించితే మల్లీ ఎత్తడానికి ఇంకో మనిసి కావాల. ఈ ముసిల్ది ఎత్తలేదు, మోకాల్లు పోనాయి. నువ్వెత్తుతావేటి?”

ముసిల్ది అంటే నేనే. ఆవిడ బస్తా వైపు చూసింది, తన చేతుల వైపు చూసుకుంది. వెనకున్న వాళ్ళలో ఎవరో నవ్వారు. తర్వాత ఒక్కొక్కరే వెనక్కి తిరిగారు, కొందరు సరదాగా, కొందరు గొణుక్కుంటూ. సన్యాసిరావు ఈల నోట్లోనే ఉండిపోయింది. మేం దాటాం. సంతలో అల్లం అమ్ముకుని, వేడి వేడి పకోడీలు తిని వచ్చాం. నేను చాలా ఏళ్ళ తర్వాత అంత ఆకలిగా తిన్నాను.

వారం తిరక్కుండా కార్తీక్ పై ఊరికి వచ్చాడు, నేనింకా అక్కడే ఉన్నాను. పాపం, అతను గొడవ పడడానికి రాలేదు. అప్పకి ఉద్యోగం ఇస్తానన్నాడు. వంతెన దగ్గర చిన్న పందిరి వేస్తారట, అప్ప పాతకాలం కట్టుతో, మెడలో పూసలతో, పక్కన బుట్ట పెట్టుకుని కూర్చోవాలి. నడక వాళ్ళు ఫొటోలు తీసుకుంటారు. నెలనెలా జీతం. సంత తిప్పలు ఉండవు.

“బుట్టలో ఏటుంటాది బాబూ?”

“ఏమీ లేకపోయినా పర్లేదమ్మా. ఫొటోకే కదా.”

అప్ప కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. “ఒట్టి బుట్ట అట్టుకుని పొద్దల్లా కూకుంటే మా ఊరోల్లు నాకు దెయ్యం పట్టిందని కోడిని కోసెత్తారు” అని, లోపలికి పోయి అతనికి తేనె ఇచ్చింది. అతనా తేనె తీసుకుని, నా వైపు తిరిగి నెమ్మదిగా చెప్పాడు. వచ్చే సంత నాటికి వంతెనకి గేటు పెడుతున్నారు మేడమ్, నా చేతుల్లో లేదు అన్నాడు. బోర్డు సంగతి అతను అడగలేదు, నేనూ ఎత్తలేదు.

ఆ రోజులే మేలని నేననను. ఆ మాట అనేవాళ్ళని చూస్తే నాకు చిరాకు. ఆ క్వారీ మా కొండ సగం తినేసింది. చలిజ్వరం మా ఇంటి పక్క గదిని ఒక వానాకాలంలోనే ఖాళీ చేసింది. అంబలి నీళ్ళయిన నెలలు నాకు గుర్తున్నాయి. దొరని ఎదిరించే ధైర్యం ఉన్నదని నాయనమ్మని పొగిడేవాళ్ళకి ఆ రాత్రి అయ్య ముఖం తెలియదు. ఇప్పుడు నాకు పెన్షనుంది, అప్పకి కరెంటుంది, ఊళ్ళో ఆడగుంటలు కాలేజీకి వెళ్తున్నారు. ఇవన్నీ మంచివే, ఎవరడిగినా ఒప్పుకుంటాను. కానీ ఆ దొర, ఎంత కసురుకున్నా, మమ్మల్ని దారిలో నడిచే మనుషులుగానే చూశాడు. అడ్డం వచ్చిన మనుషులుగా, తిట్టదగ్గ మనుషులుగా, సరే, మనుషులుగానే. వీళ్ళు తిట్టరు. మర్యాదగా పందిరి వేసి కూర్చోబెడతారు. నాకు ఆ తిట్టే నయమనిపించింది. ఇలా అనిపించినందుకు సిగ్గు పడను.

గేటు వచ్చింది. పచ్చరంగు, పెద్ద తాళం. సంత రోజు తెల్లారేసరికి మా ఊరి ఆడవాళ్ళందరం దాని ముందున్నాం. నేను కూడా చుట్టకుదురు పెట్టుకుని సగం బుట్ట అల్లం ఎత్తుకున్నాను. పంతులమ్మనయ్యాక నెత్తిన బరువు పెట్టుకోవడం అదే మొదలు. మెడ నరాలు నన్ను తిట్టని తిట్టు లేదు. అయినా దించలేదు. ఎవరూ దించలేదు.

“తాలం తియ్యొద్దన్నారమ్మా. నా ఉజ్జోగం పోద్ది. కాసీపు దింపుకోండి, మెడలు పట్టీస్తాయి” అన్నాడు సన్యాసిరావు. నిజంగానే జాలిపడ్డాడు.

“మా మెడల గొడవ నీకేల బాబూ” అంది అప్ప.

ఎండ గోడ మీదికి ఎక్కింది. పిల్లతల్లి ఒకామె బుట్ట కిందే నిలబడి బిడ్డకి పాలిచ్చింది. అప్పుడు అవతలి గుడారాల నుంచి నడక వాళ్ళు వచ్చారు. వంతెన మొత్తం దాటి, గేటుకి లోపలి వైపు ఆగారు. ఇటు మేం, అటు వాళ్ళు, మధ్య తాళం. మాకు తీయకూడదని అతనికి ఆజ్ఞ. వాళ్ళకి తీయకపోతే వాళ్ళు వంతెన మీదే ఉండాలి. సన్యాసిరావు అటు చూశాడు, ఇటు చూశాడు. తాళం తీశాడు. గేటు బార్లా తెరిచి, నడక వాళ్ళ వైపు తిరిగి చెయ్యెత్తి అరిచాడు.

“ఎనక్కి, ఎనక్కి తిరగండి సార్! బరువులొత్తన్నాయి!”

ఆ మాట అతనికి ఎవరూ నేర్పలేదు. కంపెనీ రూలులో అయితే లేదు. వాళ్ళు ఒక్కొక్కరే వెనక్కి నడిచి, వంతెన అవతల పక్కకి నిలబడ్డారు. అప్ప ముందు, మిగతా ఆడవాళ్ళంతా వెనక, చివర నేను.

సంతకి ఆలస్యంగానే చేరాం. అల్లం ధర అప్పటికే దిగిపోయింది, అయినా అమ్మేశాం. ఉప్పు, ఎండుచేపలు, దారికి కాసిన్ని పకోడీలు కొంగున మూట కట్టుకుని అదే దారిన తిరిగి వచ్చాం. ఇప్పుడు మా బుట్టలు ఖాళీ. ఎదురుగా బరువుతో ఎవరొచ్చినా మేమే తప్పుకోవాలి, తప్పుకునేవాళ్ళమే. ఎవరూ రాలేదు. వంతెన మధ్యకి రాగానే అప్ప కూర్చుంది, కాళ్ళు గెడ్డ మీదికి వేలాడేసింది. ఒక్కొక్కరే అందరం కూర్చున్నాం. కింద నీళ్ళు, పైన పొద్దు. వంతెన చివర గేటు దగ్గర సన్యాసిరావు తాళం చేత పట్టుకుని నిలబడ్డాడు. మేం లేస్తే గేటు వేసుకుని ఇంటికి పోదామని చూస్తున్నాడు.

“అప్పా, అతను మన కోసమే చూస్తున్నాడే” అన్నాను.

“సూడనీ” అంది అప్ప, మూటలోంచి పకోడీ తీసి నాకిస్తూ.